పత్తికట్టె కథ

శివరాత్రి దగ్గరపడుతున్న రోజుల్లో, సాయంత్రం వేళ, చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు బస్సులో వెళ్ళినవారికి ఒక దృశ్యం కొత్తకాదు. రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి చేలు. ఆ చేలల్లో అక్కడక్కడ మంటలు. దూది ఏరడం ముగిసింది. మిగిలిన పత్తికట్టెను పీకి, కుప్పలు వేసి, పొద్దుగూకేవేళకు నిప్పు పెడతారు. బస్సు కిటికీలు మూసినా ఆ పొగ ఆగదు. మా పుట్టిల్లు ఆ దారిలోనే. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి ఆ మంటలను గురించి నేనెన్నడూ ఆలోచించలేదు. పంట అయిపోయిన తర్వాత చేను శుభ్రం చేసుకోవడం రైతు పని, అందులో ఆలోచించవలసిందేముంది?

ఆలోచింపజేసినవారు మా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు. కిందటి శివరాత్రికి ఆయన సకుటుంబంగా కోటప్పకొండ తిరునాళ్ళకు వచ్చి, ప్రభలు చూసి, మరునాడు కొంచెం చుట్టుదారి అయినా మా ఊరికి వచ్చారు. నేను పిల్లలతో అక్కడే ఉన్నాను. భోజనాలయిన తర్వాత మా నాన్న ఆయన్ను చేను చూపించడానికి తీసుకువెళ్ళాడు. నాన్నకు డెబ్బై అయిదేళ్ళు దాటినా వ్యవసాయం మానలేదు. మూడెకరాలు పత్తి, మూడెకరాలు మిరప.

చేలో నాలుగు కుప్పలు సిద్ధంగా ఉన్నాయి. మాస్టారు ఒక కట్టె తీసి, విరిచి, ఆ విరుపు వంక కాసేపు చూశారు.

"బాబాయిగారూ, మీరు తగలబెట్టబోయేది ఏమిటో తెలుసునా?"

"పత్తికట్టె."

"పత్తికట్టే ననుకోండి. కాని మా శాస్త్రంలో దీన్ని పాలిమరు అంటారు. ప్లాస్టిక్కులు, రేయాన్లు, నైలాన్లు అన్నీ ఆ కులానివే."

"ఆ పేరు చెబితే ఎవరన్నా కొంటారా, నాయనా?" అన్నాడు నాన్న.

మాస్టారు నవ్వి, గట్టు అవతలకు చెయ్యి చూపించారు. అక్కడ మిరపచేను. కలుపు రాకుండా, తడి ఆరకుండా, బోదెల మీద వెండిరంగు ప్లాస్టిక్ పట్టా పరిచి, దానికి చిల్లులు పెట్టి నారు నాటడం ఈ మధ్య మా వైపు బాగా అలవాటయింది. కిందటేటి పట్టా చిరిగి పీలికలయి, కొంత గాలికి పోయింది, కొంత దుక్కిలో కలిసింది.

"అదీ పాలిమరే, బాబాయిగారూ. ఇదీ పాలిమరే. కుళ్ళేదాన్ని మీరు కాలుస్తున్నారు, కుళ్ళనిదాన్ని పాతిపెడుతున్నారు."

నాన్న ఏమీ అనలేదు. కాని ఆ మాట నన్ను వదలలేదు. గుంటూరు తిరిగి వచ్చిన తర్వాత మాస్టారిని వారం రోజులు విసిగించాను. ఈ వ్యాసంలోని రసాయనశాస్త్రమంతా ఆయనది, తప్పులుంటే నావి.

సమాసంలాంటి పదార్థం

నేను తెలుగు చెప్పుకుని బ్రతికేదాన్ని. అందుకని మాస్టారు నాకు నా భాషలోనే చెప్పారు. "మీ ప్రబంధకవులు చిన్నచిన్న మాటలు చేర్చి పద్యపాదమంత పొడుగున సమాసం కడతారు కదా. ప్రకృతి చేసేదీ అదే. చిన్న అణువు పక్కన చిన్న అణువు, దాని పక్కన మరొకటి, అలా వేలకొద్దీ ముడివేస్తూ పోతుంది. ఆ పొడుగాటి గొలుసే పాలిమరు."

పత్తి మొక్క ఈ పని ఎలా చేస్తుందో చూడండి. వేళ్ళు నీరు తీసుకుంటాయి, ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుంటుంది, ఎండ వంటచెరకు. ఈ వంటలో తయారయ్యేది గ్లూకోజు అనే చక్కెర. దాన్ని మొక్క పూసలుగా గుచ్చుతుంది. దూదిలోని ఒక గొలుసులో పదివేల పూసల దాకా ఉంటాయట. ఈ గొలుసు పేరే సెల్యులోజు. 1838లో ఫ్రెంచి రసాయనవేత్త అన్సెల్మ్ పాయెన్ దాన్ని మొక్కలనుంచి విడదీశాడు. శుభ్రమైన దూదిలో నూటికి తొంభై వంతులకు పైగా ఉండేది అదే.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. మనం తినే అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజు పూసల గొలుసే! మరి అన్నం అరుగుతుంది, గుడ్డ అరగదు, ఎందుచేత? మల్లెపూలు కట్టేటప్పుడు అన్నీ ఒకే వైపు చూసేట్టు కట్టవచ్చు. లేదా ఒకటి అటూ ఒకటి ఇటూ మార్చిమార్చి కట్టవచ్చు. పూలు అవే, దండ వేరు. అన్నంలో పూసలన్నీ ఒక వైపు తిరిగి ఉంటాయి. సెల్యులోజులో ఒకటి విడిచి ఒకటి తిరగబడి ఉంటుంది. దానివల్ల గొలుసులు తిన్నగా సాగి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, బలమైన పోగు అవుతాయి. ఆ ముడి విప్పే శక్తి మన కడుపుకు లేదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులకూ, నేలలోని సూక్ష్మజీవులకూ ఉంది. ఈ ఒక్క తేడా లేకపోతే కరువు రోజుల్లో మనవాళ్ళు పంచెలు ఉడకబెట్టుకు తినేవారు కాబోలు!

ఇంత పొడుగాటి అణువులు ఉంటాయని మొదట రసాయనవేత్తలే నమ్మలేదు. 1920లో జర్మన్ ఆచార్యుడు హెర్మన్ స్టౌడింగర్ ఆ మాట అంటే తోటివారు కొట్టిపారేశారు. ఆయన పట్టు విడువలేదు. చివరకు 1953లో నోబెల్ బహుమానం ఆయన ఇంటికి వచ్చింది.

కట్టెలో దూదిలో ఉన్నంత శుద్ధి ఉండదు. అయినా దాని బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు సెల్యులోజూ, దాని దగ్గర చుట్టాలూను. మరో నాలుగో వంతు లిగ్నిన్. మొక్కను నిటారుగా నిలబెట్టే జిగురన్నమాట. అదీ పాలిమరే. కాబట్టి మాస్టారు మా నాన్నతో అన్నది పరిహాసం కాదు.

ముంగట గుడ్డ పేలింది

ప్లాస్టిక్కు పుట్టింది పెట్రోలియంలోనుంచి అని మనలో చాలామంది అనుకుంటాం. కాదు, మొదట పుట్టింది పత్తిలోనుంచే.

స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయనవేత్త ఉండేవాడు. 1846 ప్రాంతంలో ఆయన వంటింట్లో ఏవో ప్రయోగాలు చేస్తూ ఆమ్లాలు ఒలకబోసుకుని, భార్య వంటచేసేటప్పుడు కట్టుకునే నూలు ముంగట గుడ్డతో తుడిచి, పొయ్యి దగ్గర ఆరవేశాడట. ఆరిన గుడ్డ భగ్గుమని మాయమయిందట! ఆ గుడ్డ కథ ఎంతవరకు నిజమో గాని, నైట్రిక్, గంధకామ్లాలతో దూదిని నైట్రోసెల్యులోజుగా మార్చే పద్ధతిని ఆయన కనిపెట్టినమాట నిజం. తుపాకిమందు స్థానంలోకి అదే వచ్చింది.

1869లో అమెరికాలో జాన్ వెస్లీ హయట్ అనే ముద్రాపకుడు అదే నైట్రోసెల్యులోజును కర్పూరంతో కలిపి, వేడిమీద నొక్కి, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం ఇచ్చే పదార్థం చేశాడు. అది సెల్యులాయిడ్. బిలియర్డు బంతులకు ఏనుగు దంతం చాలక, దానికి బదులు వెదుకుతూ అతను ఈ దారిన పడ్డాడు. దువ్వెనలు, బొమ్మలు, పింగుపాంగు బంతులు, ఫోటో ఫిల్ములు దానితో వచ్చాయి. 1950 ప్రాంతం దాకా ప్రపంచంలో సినిమా రీళ్ళు ఎక్కువగా ఆ జాతి ఫిల్మువే. అందుకే అవి అంత తేలికగా అంటుకునేవి. వెండితెరకు ఆధారం పత్తి అని అంటే అతిశయోక్తి కాదు!

1892లో ఇంగ్లండులో క్రాస్, బెవన్ అనేవారు మరో దారి చూపారు. సెల్యులోజును సోడాతో, కార్బన్ డైసల్ఫయిడుతో కరిగించి, పానకంలా చేసి, సన్నని రంధ్రాలగుండా ఆమ్లంలోకి పిండితే మళ్ళీ దారమవుతుంది. అదే విస్కోస్ రేయాన్. మన ఆడవాళ్ళు ముద్దుగా "ఆర్టు సిల్కు" అని పిలుచుకున్నది. దాన్ని కలపగుజ్జుతోనూ చేయవచ్చు. మన గడ్డమీదనే, అప్పటి వరంగల్లు జిల్లా కమలాపురంలో, ఇప్పుడది ములుగు జిల్లా, కలపనుంచి రేయానుకు పనికివచ్చే గుజ్జు తీసే కర్మాగారం ఏళ్ళతరబడి నడిచింది. 2014లో అది మూతపడింది.

అయితే మొక్కనుంచి వచ్చింది కదా అని ప్రతిదీ పుణ్యపదార్థం కాదు సుమా. ఆ కార్బన్ డైసల్ఫయిడు ఆవిరి పీల్చి, పాతకాలపు రేయాన్ కర్మాగారాల్లో ఎందరో కార్మికులు నరాల జబ్బులతో, మతి చలించి బాధపడ్డారు. ఇటీవల లయోసెల్ అనే దారానికి వేరే ద్రావకం వాడుతున్నారు. ఆ ద్రావకంలో నూటికి తొంభైతొమ్మిది వంతులు తిరిగి పట్టుకుని మళ్ళీ వాడవచ్చు. ముడిసరుకు ఎంత ముఖ్యమో, వండే విధానమూ అంత ముఖ్యమన్నమాట.

రంభ వడికిన నూలు

మన సీమకు పత్తి నిన్నటి పంట కాదు. పల్నాటికి వస్తే రంభ అయినా ఏకులు వడకవలసిందే నని పరిహాసం చేసే చాటువు ఒకటి శ్రీనాథుని పేరుమీద ప్రచారంలో ఉంది. కవిగారికి ఆ జొన్నన్నం నచ్చలేదు గాని, ఇంటింటా రాట్నం ఉండేదని మాత్రం ఆ వెక్కిరింతవల్లనే మనకు తెలుస్తున్నది.

ఆ నూలుతో నేసిన బట్టలకోసం 1611లో ఇంగ్లీషువారి 'గ్లోబ్' ఓడ పెదపల్లికి, అంటే మన నిజాంపట్నానికి వచ్చింది. చీరాలలో తేలియా రుమాళ్ళు నేసేవారు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళలోనూ రోజులతరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆపైన ఎరుపు రంగు పట్టించేవారు. ఆ రంగు కదిలేది కాదు. అరబ్బు దేశాల దాకా ఆ రుమాళ్ళు వెళ్ళాయి. బూడిదలోని క్షారం, నూనె, నూలు, ఈ మూడూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఆ నేతగాళ్ళకు సూత్రాలతో తెలియకపోవచ్చు, చేతులకు తెలుసు. పదార్థశాస్త్రం అని నేడు మనం పిలుస్తున్నది అదే కదా! ఇప్పుడు ఆ విద్య నల్లగొండ వైపు పుట్టపాకలో నిలిచి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది.

తర్వాత మరమగ్గాల కాలం వచ్చింది. మన దూది బేళ్ళు ఓడలెక్కి మాంచెస్టరు వెళ్ళాయి. బట్టలు తిరిగి వచ్చాయి. ముడిసరుకు అమ్మి, తయారైన సరుకు కొనుక్కునే అలవాటు అప్పుడు పట్టుకున్నది. మా నాన్న దూది అమ్మి, ఆ డబ్బుతో ప్లాస్టిక్ పట్టా కొనుక్కు రావడం ఆ అలవాటు తాలూకు కొనసాగింపే ననిపిస్తుంది నాకు.

కట్టెకు మంచిరోజులు

ముంబయిలోని మాటుంగాలో కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధనాలయం ఉంది. 1924లో ఏర్పడింది. దూది పోగు పొడవు, బలం కొలవడంతో మొదలుపెట్టినవారు క్రమంగా మొక్కలో మిగిలిన భాగాల మీద కూడా దృష్టి పెట్టారు. మన దేశంలో ఏటా సుమారు మూడు కోట్ల టన్నుల పత్తికట్టె వస్తుందని వారి లెక్క. ఒక హెక్టారుకు రెండు మూడు టన్నులు. అందులో అధికభాగం పొయ్యిలోకో, చేలోని మంటలోకో పోతున్నది.

ఈ కట్టెను ముక్కలుగా కొట్టి, ఆరబెట్టి, జిగురు కలిపి, వేడిమీద అచ్చులో నొక్కితే పలకలు వస్తాయని వారు చేసి చూపించారు. బల్లలు, తలుపులు, గదుల మధ్య అడ్డు పలకలు, ఇవన్నీ దానితో చేయవచ్చు. ఒక చెట్టూ కొట్టనక్కరలేదు. ఇదే కట్టెను పొడిచేసి గుళికలుగా నొక్కితే బాయిలర్లలో బొగ్గుకు బదులు వాడవచ్చు. దానిమీద పుట్టగొడుగులు కూడా పెంచవచ్చు.

అంతకన్న వింత 2015లో వారు ప్రారంభించిన మరో చిన్న కర్మాగారం. జిన్నింగు మిల్లులో దూది తీసిన తర్వాత గింజకు అంటుకుని నూగు మిగులుతుంది చూడండి, ఆ నూగునుంచి 'నానో సెల్యులోజు' తీస్తారు. నానో అంటే మీటరులో వందకోట్లవ వంతు. సెల్యులోజు పోగును చీల్చి చీల్చి, కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత సన్నని పుల్లలుగా చేస్తారు. నీళ్ళలో ఉంటే అది చిక్కటి గంజిలా కనబడుతుందట. కాని ఆ సన్నని పుల్ల, బరువుకు బరువు చూస్తే, ఉక్కును మించిన బిగువు గలది. ప్లాస్టిక్కులోనో, కాగితంలోనో, రంగులోనో, సిమెంటులోనో కొంచెం కలిపితే వాటికి బలం వస్తుంది. వాడి పారవేస్తే నేల దాన్ని తినివేస్తుంది.

మరి ఆ మిరపచేలోని పట్టా సంగతి? పిండిపదార్థం వగైరాలు కలిపి, నేలలోని సూక్ష్మజీవులు అరిగించుకోగలిగే పట్టాలు ఐరోపాలో వాడుకలోకి వచ్చాయి. 2018లో అక్కడ వీటికొక ప్రమాణం ఏర్పరిచారు. నేలలో రెండేళ్ళలోపల నూటికి తొంభై వంతులు సూక్ష్మజీవులకు ఆహారమైపోవాలి. అలా అయితేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. ధర మాత్రం మామూలు పట్టా కన్న ఎక్కువే.

చిక్కు ఎక్కడుంది?

ఇదంతా విని నేను ఉత్సాహం పట్టలేక నాన్నకు ఫోను చేశాను. పూర్తిగా విన్నాడు. తర్వాత నాలుగు ప్రశ్నలు వేశాడు.

"కట్టె పీకడానికి కూలి ఎవరిస్తారు? దాన్ని మోసే బండి బాడుగ ఎవరు పెట్టుకుంటారు? ట్రాక్టరు నిండా వేసినా గాలే గాని బరువుండదు. నెలరోజుల్లో ఊళ్ళోవాళ్ళందరి కట్టె ఒక్కసారి వస్తుంది, మిగతా పదకొండు నెలలు మీ ఫ్యాక్టరీ ఏం తింటుంది? అన్నిటికన్న ముందు, అమ్మాయీ, ధర ఎవరు కడతారు?"

మాస్టారితో చెబితే, "మీ నాన్నగారు ఇంజనీరు కావలసినవారు. అసలు సమస్యలు అవే" అన్నారు. కట్టెను చేలోనే ముక్కలు కొట్టే యంత్రం ఉండాలి, అప్పుడే బండికి బరువు నిండుతుంది. కర్మాగారం పది పదిహేను మైళ్ళలోపల ఉండాలి. పత్తికట్టెతో బాటు మిరపకట్టె, కందికట్టె కూడా తీసుకునే ఏర్పాటుండాలి. కట్టెను నిలవ చేసే చోటు ఉండాలి. పలకలకు మామూలుగా వాడే జిగురులో ఫార్మాల్డిహైడు ఉంటుంది. దానికి బదులు లిగ్నిన్‌తోనే జిగురు చేయాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి.

మరొక మాట కూడా చెప్పాలి. కట్టె చేలో ఉండిపోతే గులాబీరంగు పురుగు అందులోని ఎండుకాయల్లో దాగి మళ్ళీ ఏడు పంటమీద పడుతుంది. అందుకని సకాలంలో తీసివేయమని వ్యవసాయశాఖవారు చెబుతూనే ఉంటారు. రైతు కాల్చడం తెలివితక్కువతనంవల్ల కాదు. అగ్గిపుల్ల ఒక్కటే అతనికి అందుబాటులో ఉన్న చవక యంత్రం! అలాగని మొత్తం కట్టె అమ్ముకున్నా ప్రమాదమే. నేలకూ తిండి కావాలి. కొంత ముక్కలు చేసి, కుళ్ళబెట్టి, ఎరువుగా తిరిగి ఇవ్వాలి.

ఆ యేడు మిగిలింది

1987లో నాకు ఏడేళ్ళు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిమీద తెల్లదోమ విరుచుకుపడిన సంవత్సరం అది. ఎన్ని మందులు కొట్టినా దోమ చావలేదు; అప్పులు పెరిగాయి. ఆత్మహత్యలు చేసుకున్న రైతుల మాట పెద్దవాళ్ళు మా ఎదుట గొంతు తగ్గించి చెప్పుకునేవారు. మా చేలో చెట్లు మాత్రం మనిషెత్తు పెరిగాయి. కాయలు లేవు. నాన్న ఆ కట్టె పీకించి బండిమీద ఇంటికి తోలించాడు. అమ్మ ఏడాది పొడుగునా దానితోనే వంటచేసింది. "ఈ యేడు మనకు పండింది ఇదేనర్రా" అని ఆమె పొయ్యిలోకి కట్టె తోస్తూ అన్న మాట నాకింకా గుర్తే. దూది రాని యేడు కూడా కట్టె వచ్చింది. దానికి అప్పుడు ఏ కొద్దిపాటి ధర ఉన్నా మా ఇంట్లోనూ, మరెన్నో ఇళ్ళలోనూ ఆ సంవత్సరం మరోలా గడిచేది కదా అని ఇప్పుడనిపిస్తున్నది.

మాస్టారు వెళ్ళేటప్పుడు కారు వెనక ఒక కట్ట కట్టె వేసుకువెళ్ళారు. నెల తర్వాత ఆయన విద్యార్థులు దాన్ని సోడాతో ఉడికించి, దంచి, జల్లెడలో తేర్చి, దళసరిగా, గోధుమరంగులో నాలుగు కాగితాలు తయారుచేశారు. ఒకటి నేను నాన్నకు తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, వేలితో రాసి చూశాడు, చివర కొంచెం చింపి కూడా చూశాడు.

"మన చేనుదేనా?"

"మన చేనుదే."

రాత్రి భోజనాలయిన తర్వాత ఆ కాగితాన్ని పద్దుల పుస్తకంలో పెట్టి, పెన్ను తీశాడు. తొంగిచూశాను. దూది ఇన్ని క్వింటాళ్ళు, ఇంత ధర. మిరప ఇన్ని టిక్కీలు, ఇంత ధర. దానికింద కొత్తగా ఒక పద్దు: పత్తికట్టె. ధర గడి ఖాళీగా వదిలేశాడు.

ఈసారి నాలుగు కుప్పల్లో మూడే కాల్చాడు. నాలుగోది ముక్కలు కొట్టించి పేడతో కలిపి గుంటలో వేశాడు. పద్దుల పుస్తకంలో ఆ గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.